గోడ తిన్న గుంట

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో ఇనుము ఉంది, రక్తం ఉంది, గోడకి పడ్డ కన్నం ఉంది. శపథాలున్నాయి, మొక్కులున్నాయి. కొండలు దాటి విశాఖపట్నం మీదకి సాగాల్సిన దండయాత్ర ఒకటుంది. ఏడు తరాలు పాడుకోవాల్సిన గాథ.

అంటే, అంత లేదు. ఇనుమంటే నా మేనకోడలికి డాక్టరమ్మ రాసిన ఐరన్ టానిక్కు. రక్తమంటే ఆ పిల్ల వేలి చివర పొడిచి తీసిన చుక్క. గోడ మా ఇంటి మట్టిగోడ. దండయాత్ర సంగతి వచ్చినప్పుడు చెప్తాను. దానికోసం సంచి సర్దుకున్న మాట మాత్రం నిజం.

మాది అరకు లోయలో, రైలుపట్టాలకి అవతల, కొండవాలు మీద ఊరు. పైన కాస్త కాఫీ తోట, కింద కాస్త చోడి చేను, అంటే రాగి చేను. నేను జీపు నడుపుతాను, టూరిస్టుల్ని తిప్పుతాను. మా బావది టైడా దగ్గర పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని. వారానికోసారి వస్తాడు, వచ్చిన పూట నిద్రపోయి వెళ్ళిపోతాడు. అందుకని అక్కా, దాని అయిదేళ్ళ కూతురూ మా ఇంట్లోనే, అమ్మ దగ్గర ఉంటారు.

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ గుంటకి పాలు పడవు. మొదటిసారి ఆవుపాలు పట్టినప్పుడు పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. కందిరీగలు కుట్టాయని అమ్మ చూరంతా వెతికింది. కొన్నాళ్ళకి గుడ్డు పెట్టాం. మళ్ళీ కందిరీగలొచ్చాయి. ఆ తరవాత ఎవరో చేతిలో వేరుశెనగ చిక్కీ ముక్క పెట్టారు. ఈసారి పిల్లకి ఊపిరి కూడా బిగుసుకుంది. ఆసుపత్రికి జీపు తోలిన తోలుడికి నా జీపులో అన్నాళ్ళూ మోగని భాగాలన్నీ మోగాయి. అప్పట్నుంచి అమ్మ కందిరీగల మీద నేరం మోపడం మానేసింది.

పిల్లలు పుష్టిగా ఉండాలని సర్కారు ప్రేమగా అంగన్‌వాడీకి పంపేవి పాలు, గుడ్డు, చిక్కీ. మా గుంటకి పడనివి పాలు, గుడ్డు, చిక్కీ. ఇంత చక్కని పొంతన మా ఊళ్ళో ఏ పెళ్ళికీ కుదరలేదు. తోటి పిల్లలు గుడ్డు ఒలుచుకుంటుంటే ఇది ఎదురుగా కూర్చుని టీవీ చూసినట్టు చూసేది. ఇంట్లో తినేది అన్నం, పప్పు, చారు, బంగాళాదుంప. అంబలి పోస్తే మొహం తిప్పేది. ఆకుకూర పెడితే ఒక్కొక్క ఆకూ ఏరి కంచం అంచున తోరణం కట్టేది.

ఇలా ఉండగా గాదె వెనక గోడకి కన్నం పడింది.

మావి మట్టిగోడలు. పండగలకి ఎర్రమట్టి అలుకుతాం. మొదట కన్నం రేగుపండంత ఉంది. చూస్తుండగా చిన్న గిన్నె పట్టేంత అయింది. ఎలకంది అక్క. ఎలక కాదు, పందికొక్కంది అమ్మ. బోను తెచ్చి, ఎండుచేప కట్టి, గాదె పక్కన పెట్టారు. చేప అలాగే ఉంది, కన్నం మాత్రం పెరిగింది. తెలివైన పందికొక్కని అమ్మ మెచ్చుకుంది కూడా.

ఒక మధ్యాహ్నం నేను జీపు కడుక్కుంటుంటే లోపల్నుంచి అక్క కేక.

"ఓలమ్మో! అమ్మా, బేగి రా! దొరికినాది!"

అమ్మ రోకలి పట్టుకుని పరిగెత్తింది. నేను తడి గుడ్డ పట్టుకుని పరిగెత్తాను. గాదె వెనక మా గుంట గొంతుక్కూర్చుని ఉంది. పెదాలు ఎర్రగా, గోళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటే అది? ఏటి తింతన్నావు?" అక్క అడిగింది.

"గోడ."

"గోడ తింతారేటే ఎవులైనా?"

"వానొచ్చినప్పుడు మంచి వాసనొస్తాదమ్మా. నివ్వూ తిని సూడు."

అక్క తినలేదు, ఏడ్చింది. అమ్మ రోకలి కిందపెట్టి, భూమితల్లి పిల్లని పిలుస్తోందని తేల్చింది. పక్కింటావిడ వచ్చి, భూమి కాదు, ఎవరిదో దిష్టి అంది. ఇద్దరూ పిల్లని మధ్యలో నిలబెట్టి వాదించుకున్నారు. పిల్ల ఈ సందులో వేలు నాక్కుంది.

"పాలు పడవు, గుడ్డు పడదు, గోడ మాత్రం పడిందేటే నీకు? ఇక తలుపెప్పుడు మొదలెడతావు?" అన్నాను.

"తలుపు సేదు మామా."

రుచి చూసే మాట్లాడుతోందన్నమాట. ఆ మాట విన్నాకే ఆసుపత్రికి వెళ్దామని నేనూ అక్కా ఒకేసారి అన్నాం.

డాక్టరమ్మ కింద పట్నాల వైపు నుంచి వచ్చిన మనిషి. పిల్ల కింది కనురెప్ప లాగి చూసింది, అరచేతులు చూసింది, వేలు పొడిచి రక్తం పరీక్ష చేయించింది. రక్తం బాగా తక్కువగా ఉందంది.

"మట్టి తిని తిని రక్తం సచ్చిపోనాదేటమ్మా?" అని అక్క అడిగింది.

"అటూ ఇటూ రెండూనమ్మా. ఒంట్లో ఇనుము తగ్గితే పిల్లలకి మట్టి మీద, బలపాల మీద మనసు పోతుంది. ఆ మట్టి తింటే ఇంకా తగ్గుతుంది."

నులిపురుగుల మాత్ర ఒకటి అక్కడే మింగించింది. ఇనుముకి ఒక సీసా, పాలు లేవు కాబట్టి కాల్షియానికి ఇంకో సీసా, జింకుకి మరో చిన్న సీసా రాసింది. పిల్లకి పడనివి ఏమేం ఉన్నాయో మళ్ళీ అడిగి, వేటిలోనూ పాలపొడి లేదని చూసి మరీ ఇచ్చింది. చివర్న, "ఐరన్ టానిక్కు పాలల్లో మాత్రం కలపకండి" అంది. పాలే పడని పిల్లకి ఆ మాట ఎందుకో నాకర్థం కాలేదు. అందరికీ చెప్పే మాట కాబోలు. "రెండు నెలలు వేసి తీసుకురండి. రక్తం పెరక్కపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేర్చాలి. అక్కడ రక్తం ఎక్కించాల్సి రావచ్చు."

అక్కకి చివరి ముక్కే వినిపించింది. మా ఊరి నుంచి పెద్దాసుపత్రికి వెళ్ళి, నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. రానివాళ్ళ గురించే చెప్పుకుంటారు. ఇంటికొచ్చేదాకా అక్క పిల్లని ఒడిలోంచి దించలేదు. పిల్లకి చెమట పోసింది.

ఐరన్ టానిక్కు రుచి చూశాను. బస్సు కిటికీ ఊచ నాకినట్టుంది. నాకిన అనుభవం నీకెక్కడిదని అడక్కండి. గోడ ఇష్టంగా తిన్న పిల్ల ఈ మందుని మాత్రం నోట్లో పోసిన మరుక్షణం ఊసేసింది. టూరిస్టుల కోసం కొనుక్కున్న నా తెల్లచొక్కా మీద తుప్పు రంగు చుక్కలు పడ్డాయి. అరటిపండులో కూరితే పండు తిని మందు వదిలేసింది. పప్పులో కలిపితే ఆ రోజు నుంచి పప్పు కూడా మానేసింది. అసలే నాలుగు రకాలు తినే పిల్ల మూడుకి దిగింది. మందు మొదలెట్టి మేం సాధించిన మొదటి ఫలితం అది.

అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది.

మా తోటలో కాసిన మంచి కాఫీ గింజలు ఎక్కడెక్కడికో పోతాయి. నీళ్ళలో వేస్తే పైకి తేలిన పొల్లు గింజలు మాకు మిగులుతాయి. వాటిని పెనం మీద నల్లగా వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి మరిగిస్తే మా ఇంటి కాఫీ. అందులో పాలుండవు. పాలుపోసిన కాఫీని అమ్మ కాఫీ అనదు, పాలంటుంది. ఇంటికెవరొచ్చినా ఇదే, జ్వరమొచ్చినా ఇదే, తలనొప్పి మాత్ర మింగాలన్నా ఇదే. చిన్నపిల్లలకి కాఫీ ఏమిటని అడిగేవాళ్ళు మా ఇంట్లో లేరు, ఎందుకంటే అందరం ఒకప్పుడు చిన్నపిల్లలమే, అందరం తాగాం.

"డాక్టరమ్మ ఏటన్నాది? పాలల్లో కలపొద్దన్నాది. దీంట్లో పాలున్నాయేట్రా?" అంది అమ్మ.

"లేవు."

"మరింకేటి?"

లాయర్లు కూడా ఇంత కట్టుదిట్టంగా వాదించరు. గ్లాసులో వెచ్చటి కాఫీ, అందులో ఇనుము. ఎలాగూ తాగుతోంది కదాని కాల్షియం కూడా, జింకు మాత్రం ఎందుకు అలగాలని అది కూడా. గుంట ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, "ఇంకో గలాసు" అంది.

ఊళ్ళో అమ్మ పరపతి పెరిగింది. పక్కింటావిడ దగ్గుమందు సీసాతో కొడుకుని తీసుకొచ్చింది. "దేంట్లో పోయమంతావు పిన్నీ?" అని అడిగింది. ఏ మందైనా ఒకటే విధానమని అమ్మ వైద్యశాస్త్రాన్ని అక్కడికక్కడే సంక్షిప్తం చేసింది. రోజూ పొద్దున్నే పిల్ల గ్లాసు ఎత్తుతుంటే అందరం చూసేవాళ్ళం. అక్క మొహంలో కాస్త తేట వచ్చింది. పిల్ల మొహంలో రాలేదు. అయితే మందు చుక్క పోకుండా తాగుతోంది కదా, రంగు దానంతటదే వస్తుందనుకున్నాం.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి వచ్చిన ఒకావిడ నా జీపెక్కింది. దారిపొడుగునా లోయకి ఫోటోలు తీస్తూ, "మీరెంత ప్యూర్‌గా బతుకుతారో కదా! మీ పిల్లలకి అలర్జీలూ అవీ అసలుండవు కదూ?" అంది.

"ఎక్కడివండీ! మా పిల్లలు గోడలు కూడా అరిగించుకుంటారు" అన్నాను.

"వావ్" అంది. ఆ మాట కూడా ఫోన్లో ఎక్కించుకుంది.

రెండు నెలలకి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది. తన వైద్యం ఫలితం కళ్ళారా చూసుకోవాలని కొత్త చీర కట్టుకుంది. పరీక్ష చేశారు. రక్తం పెరగలేదు, ఇంకాస్త తగ్గింది.

"మందు రోజూ వేస్తున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

"సుక్క వదల్లేదమ్మా" అంది అక్క.

"మట్టి మానేసిందా?"

"కొంచెమే తింతన్నాను" అని గుంటే చెప్పింది.

డాక్టరమ్మ నిట్టూర్చి విశాఖపట్నానికి చీటీ రాయడం మొదలెట్టింది. అక్క వరండాలోకి వెళ్ళి బావకి ఫోన్ చేసి, ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. అవతల బావ "హలో, హలో" అంటూ ఉండడం నాకు వినిపిస్తోంది. అమ్మ అక్కడే, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, పిల్ల బాగుపడితే అమ్మవారికి కోడిని ఇస్తానని మొక్కుకుంది. ఎదురుగోడ మీద, రోజూ పాలు తాగండి అని నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ ఉంది. దాని మీది మాట నేను రెండుసార్లు చదివాను.

అమ్మ లేచి, కొంగులోంచి కాఫీపొడి పొట్లం ఒకటి తీసి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

"ఇది మా కాఫీ గుండమ్మా. నివ్వు తాగు. గుంటకి బేగి నయమయ్యేటట్టు ఆ సీటీలో మంచి మాట ఒకటి రాయి. మా గుంటకి మందులన్నీ దీంట్లోనే పోత్తాం."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "దేంట్లో?"

"కాఫీలోనమ్మా. పాలేటీ లేవు. నివ్వు పాలల్లో వద్దన్నావు కదా."

"ఇనుము మందు కాఫీలో పోస్తున్నారా? రోజూనా?"

"మూడూ అందులోనేనమ్మా, ఒకే గలాసు" అని, వరండాలోంచి వచ్చిన అక్క నిజాయితీగా లెక్క పూర్తిచేసింది. అవతల బావ ఇంకా హలో అంటున్నాడు.

డాక్టరమ్మ పెన్ను కిందపెట్టింది. కాఫీలోనూ టీలోనూ ఇనుముని పట్టేసుకునే గుణం ఉంటుందని చెప్పింది. ఇనుమూ కాల్షియమూ ఒకేసారి వేస్తే కాల్షియం కూడా దానికి అడ్డుపడుతుందట. మేం రెండు అడ్డుగోడలు కట్టి, వాటి మధ్య నుంచి ఇనుముని నడిచి వెళ్ళమన్నామన్నమాట.

అమ్మకి రోషం వచ్చింది. "మా కాఫీ తప్పేటమ్మా? మా కొండ కాఫీ దేశాలు దాటి ఎల్తంది."

"దేశాలు దాటనీ అమ్మా. ఇనుముని మాత్రం పేగు దాటనివ్వదు."

"అలగైతే ముందే సెప్పాల కదా!"

"అయిదేళ్ళ పిల్లకి కాఫీ పోస్తారని నాకెలా తెలుస్తుందమ్మా?"

"మరేటి పోత్తారు? పాలు పడవు కదా!"

డాక్టరమ్మ పెరిగిన చోట కాఫీ అంటేనే సగం పాలు. పాలు వద్దని చెబితే కాఫీ వద్దని చెప్పినట్టే. మా దగ్గర పాలు వద్దంటే కాఫీయే దిక్కు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనూ అక్కా పిల్లని చూసుకున్నాం. పిల్ల పొట్లాన్ని చూసుకుంది.

రాస్తున్న చీటీని డాక్టరమ్మ మడిచి పక్కన పెట్టింది. ఇంకో నెల ఆగుదామంది. ఇనుము పొద్దున్నే, పరగడుపున, నిమ్మరసంలో. పులుపు దానికి సాయం. జింకు మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. పిల్లకి కాఫీ బంద్. ఈ నెలలో కూడా పెరక్కపోతే ఆలోచించేదేం లేదు, విశాఖపట్నమే.

ఆ నెల మా ఇంట్లో నడిచినన్ని నాటకాలు తిరనాళ్ళలో కూడా నడవలేదు. మొదటిరోజు నిమ్మరసం గ్లాసు చూసి గుంట సమ్మె కట్టింది.

"కాఫీ ఏదీ?"

"అయిపోనాదే" అంది అక్క.

"అమ్మమ్మ నోట్లో వాసనొస్తంది."

అమ్మ నోరు మూసుకుంది, అక్షరాలా. ఆ రోజు నుంచి పెద్దవాళ్ళం గొడ్లసావిట్లోకి వెళ్ళి కాఫీ తాగాం. మా ఊళ్ళో సారా తాగేవాళ్ళు కూడా వాకిట్లో కూర్చుని దర్జాగా తాగుతారు. మేం ముగ్గురం మాత్రం ఆవు వెనక నిలబడి, తలుపు వైపు ఒక కన్ను వేసి, గబగబా తాగి, వేపపుల్ల నమిలి బయటికొచ్చేవాళ్ళం. ఆవు మమ్మల్ని చూసిన చూపు ఎలా ఉందో చెప్పను. దాని పాలని కాదన్న ఇల్లు కదా.

నిమ్మరసంలో బెల్లం పెంచాక, గుంట ముక్కు మూసుకుని తాగడం ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది, తాగినంతసేపూ నేను పక్కన కోతిలా గెంతాలని. గెంతాను. జీపు కోసం వచ్చిన టూరిస్టులు చూశారు. స్థానిక నృత్యమేమో అనుకుని ఒకాయన వీడియో తీసుకున్నాడు. జింకుకి వేళ తెలియడానికి అక్క కిరండూల్ రైలు కూత గుర్తుగా పెట్టుకుంది. ఆ రైలుకి వేళ తెలియదు కాబట్టి కొన్నిరోజులు జింకు సాయంత్రం పడింది. గాదె వెనక్కి వెళ్ళకుండా అమ్మ అక్కడే మంచం వేసుకుని పడుకుంది.

నెలాఖరుకి బావ సెలవు పెట్టి వచ్చాడు. దుప్పటి, కంచం, చెంబు, పిల్ల గౌనులు, ఒక పాత దిండు సంచిలో సర్దుకున్నాడు, ఆసుపత్రి నుంచి అటే విశాఖపట్నం పోవడానికి. సూదంటే మొహం తిప్పుకునే మనిషి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఎక్కిస్తే నా రక్తమే ఎక్కించండి" అన్నాడు.

"నీ రక్తం ఎక్కిస్తే పిల్ల పట్టాలు కూడా తింటాది బావా" అన్నాను.

బావ నవ్వలేదు. అక్క నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. జీపులో పిల్ల ఒక్కతే దారిలో కనిపించిన మేకల్ని పలకరించింది.

పరీక్ష చేశారు. కూర్చోమన్నారు. కూర్చున్నాం. బావ సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ పిల్ల కనురెప్ప లాగి చూసింది, రిపోర్టు చూసింది, మళ్ళీ కనురెప్ప చూసింది.

"పెరిగింది. విశాఖపట్నం అక్కర్లేదు."

అక్క పిల్లని ఎత్తుకుని, ఆ కనురెప్ప తనూ లాగి చూసింది. కోడి మహిమ అంది అమ్మ. ఆ కోడి అప్పటికింకా మా వాకిట్లో బతికే ఉంది, జరగబోయేది తెలియక గింజలు ఏరుకుంటోంది. బావ మడిచిన చొక్కా చెయ్యి మెల్లిగా కిందికి దించుకున్నాడు. ఇంత జరిగాక డాక్టరమ్మ నోటి నుంచి ఏదో పెద్దమాట వస్తుందని అందరం ముందుకి వంగాం.

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఐరన్ టానిక్కు ఇంకో మూడు నెలలు ఆపొద్దంది. కాల్షియం సీసాని మాత్రం పొయ్యకముందు బాగా కుదపాలట, లేకపోతే మందంతా అడుగునే ఉండిపోతుందట.